గేటవుతల కుర్చీ

బొల్లారం టేషన్ వెనక గల్లీల
పదిహేడు సమాధులు, ఒక యాపచెట్టు, తుప్పు గేటు.
వాటికి పెద్దమనిషి, రబ్బీ అంటరట,
మాకు నిస్సీం సాహెబ్.
లోపలికి మాత్రం రాడు.

ఇరవై రెండేండ్లు నేను ఆ రాళ్ల కాడ ఉలి పట్టిన.
ఇరవై రెండేండ్లు ఆయన గేటవుతల
ఖలీల్ చాయ్ బండి పక్కన
నీలం ప్లాస్టిక్ కుర్చీల.
"మాది యాజకుల వంశం, పోశెట్టీ.
పీనుగు పండుకున్న నేల మీద మా కాలు పడొద్దు.
సూసుకునుడు నా పని. చేసుడు నీది."

మొదట్ల నవ్విన.
ఈత రానోడు చెరువుకు కావలున్నట్టు
ఇదేం పెత్తనమని.

మూడో వరుస, రెండో రాయి,
తలకాడ పగులెంతుంది? అని అడుగుతడు.
వేలు పెట్టి కొలిచి లోపల్నుంచి అరుస్త:
రెండు జొన్నగింజలంత!
నోటుబుక్కుల రాసుకుంటడు.
మళ్ల వానకాలం పోయినంక అడుగుతడు.
మూడు గింజలైంది సాహెబ్.
పెన్ను మూత పెట్టి
శానా సేపు చాయ్ తాగడు.

అక్షరాలు కుడి నుంచి ఎడమకు.
ఉర్దూ బోర్డులు చెక్కిన చెయ్యి, నాకు కొత్త గాదు.
కానీ ఆ బాసల ఒక అక్షరానికీ ఇంకో అక్షరానికీ
నడుమ తేడా ఒక్క మూలే.
కాగితం పరిచి బొగ్గు రుద్ది
అచ్చు తీసి గేటు సందుల నుంచి ఇస్త.
అద్దాలు నుదుటి మీదికెత్తి
ముక్కుకు ఆనించుకొని సూస్తడు.
"ఈ మూల ఇంకింత పదును గావాలె.
గుండ్రంగుంటే ఇది వేరే పేరు.
రేపు పిలిచినప్పుడు
ఆమె ఎట్ల పలుకుతది?"

పూలొద్దంటడు, గులకరాయి పెట్టమంటడు.
మౌలాలి కాడ మా అమ్మకూ ఒకటి పెట్టిన.
శనివారం కూలి శుక్రవారమే ఇస్తడు,
పని లేని దినానికి!
నేను బయటికి రాంగనే
సీసా వంచి నా చేతుల మీద నీళ్లు పోస్తడు.

ఒక అక్టోబర్ల మూడు దినాలు ఇడువని వాన.
పడమటి గోడ నాని నాని కూలింది.
తెల్లారి పోతే
సాహెబ్ గల్లీల మోకాలంత నీళ్లల్ల నిలవడ్డడు,
లోపలేదో బయటేదో తెల్వక.
కుర్చీ కొట్టుకపోయింది.
"పోశెట్టీ, గీత గియ్యి."
నీళ్ల మీద గీతెట్ల గీస్త?
కరెంటు స్తంభం నుంచి యాపకు
కొబ్బరితాడు కట్టిన.
తాడుకు అటు ఆయన, ఇటు నేను.
నేను ఇటుకలేరుతుంటే
ఆయన లెక్కపెట్టిండు.

ఆ చలికాలమే గాంధీ దవాఖాన నుంచి ఫోను.
సికింద్రాబాద్ లాడ్జిల ఎవరో ముసలాయన.
పెట్టెల ఒక అంగీ, మందుల చీటీ,
అట్ట ఊడిన ప్రార్థన పుస్తకం.
బొంబాయికి చేసిండు, పూనాకు చేసిండు.
పది మంది గావాలె ప్రార్థనకు.
ఒక్కరు దొరకలే.

అంబులెన్సు గేటు కాడ ఆగింది.
నేను, నా కొడుకు, డ్రైవరు.
నాలుగో భుజం లేదు.
ఖలీల్ గ్లాసులు కింద పెట్టి లేవబోయిండు.
సాహెబ్ చెయ్యి అడ్డం పెట్టిండు.
"దిక్కులేని పీనుగైతే
యాజకుడే మోయాలె. అదీ మా శాస్త్రమే."

కొత్త కుర్చీ, ఎర్రది, దాంట్ల నుంచి లేచిండు.
గేటు పట్టి తనవైపు గుంజిండు.
అది లోపలికి తెరుసుకుంటదని
ఇరవై రెండేండ్లల్ల ఆయనకు తెల్వదు.

మన్ను పోసినంక
ఎవరూ తోవ చెప్పకుండనే నడిచిండు,
మూడో వరుస, రెండో రాయి.
వంగి, పగుల్ల వేలు పెట్టిండు.
"నాలుగు, పోశెట్టీ.
నువ్వు మూడన్నవు."

బయటికొచ్చినంక
సీసా ఎవరు పట్టుకోవాలెనో
ఇద్దరికీ తెల్వలే.